మగ కుక్కకి మూత్రనాళం దారి మార్చే ఆపరేషన్: తర్వాత మూత్రం ఆపుకోగలడా?

మా బంటికి ఏడేళ్లు. మూత్రంలో రాళ్లు. ఏడాదిలో రెండోసారి పూర్తిగా అడ్డుపడింది, కాలెత్తి నిలబడి ముక్కుతాడు, చుక్క కూడా రాదు, నా వైపు చూస్తాడు. రెండుసార్లూ గొట్టంతో నీళ్లు కొట్టి రాయిని మూత్రాశయంలోకి వెనక్కి నెట్టి, పొట్ట కోసి తీశారు. ఇప్పుడు వృషణాల సంచి తీసేసి అక్కడ కొత్త ద్వారం పెడదామంటున్నారు, స్క్రోటల్ యూరెత్రాస్టమీ అట. ఆ తర్వాత మూత్రం కారిపోతూనే ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు 1
మావాడికి చేయించాం. కారదండీ, మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలు పైన, మూత్రాశయం మెడ దగ్గర ఉంటాయి, కోత పెట్టేది వాటికి బాగా దిగువన. కాకపోతే ఇకమీదట కాళ్ల మధ్య నుంచి కిందికి పడుతుంది, అంతే తేడా. రక్తానికి మాత్రం సిద్ధంగా ఉండండి. మొదటి వారం పోసుకున్నప్పుడల్లా, ఎవరైనా వస్తే సంబరంతో గంతులేసినప్పుడల్లా పక్కమీద ఎర్రటి మరకలు. నాలుగో రోజు రాత్రి పాపం అనిపించి మెడ చుట్టూ ఉన్న కోన్ పది నిమిషాలు తీశాను, అంతలోనే నాకి నాకి రెండు కుట్లు ఊడగొట్టుకున్నాడు, మళ్లీ మత్తిచ్చి వేయించాల్సి వచ్చింది. కోన్ తీయకండి, దయచేసి. గాయాన్ని తుడవకండి, చుట్టూ చర్మానికి మాత్రం వాజలైన్ రాయండి, లేకపోతే మూత్రం తగిలి ఒరుసుకుపోతుంది.

జవాబు 2
పశువైద్యం చదివినవాడిగా ఒక మాట. మగ కుక్క అంగంలో ఎముక ఉంటుంది, మూత్రనాళం దాని కింద గాడిలోంచి పోతుంది, అక్కడ సాగదు కాబట్టి రాళ్లు సరిగ్గా ఆ ఎముక వెనకే ఇరుక్కుంటాయి. సంచి దగ్గర నాళం వెడల్పు, చర్మానికి దగ్గర కూడా, అందుకే ద్వారం అక్కడ పెడతారు. కానీ ఇది రాళ్లు పుట్టకుండా ఆపదు, చిన్నవి బయటికి పోవడానికి దారిస్తుంది, అంతే. తీసిన రాయిని ల్యాబ్‌కి పంపారా? స్ట్రువైట్ అనే రకం రాయి అయితే ప్రత్యేక ఆహారంతో, ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందుతో కరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ రకం కరగదు. నాళం పొట్టి అయ్యాక ఇన్ఫెక్షన్లు తేలిగ్గా ఎక్కుతాయి, అప్పుడప్పుడు మూత్రం కల్చర్, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష, చేయించండి. మళ్లీ పూర్తిగా అడ్డుపడితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది.

అడిగినవారు
రాయి రెండుసార్లూ డబ్బాలో పెట్టి మా చేతికే ఇచ్చారు, అల్మరాలో ఉంది. రేపే ల్యాబ్‌కి పంపిస్తాను. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నాం.