కువైట్‌లో ఉండి కడపలో నాయన ఆర్ఎక్స్ 100 బాగు చేయించాల, నమ్మకమైన షెడ్డును ఎట్ల పట్టుకునేది?

చిన్నచౌకు అబ్బాయి, కువైట్:

అందరికీ నమస్తే అన్నలూ. మాది కడప చిన్నచౌకు, నేను తొమ్మిదేండ్ల నుంచి కువైట్‌లో ఏసీ పనిలో ఉండా. మా నాయనది 1988 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100 బండి ఉండాది, నల్ల ట్యాంకు, 89కి ముందు ఇచ్చిన పాత మూడక్షరాల నంబరు. నాయన దాని మీదనే ప్రొద్దుటూరు, మైదుకూరు, కమలాపురం అంతా తిరిగి మమ్మల్ని చదివించినాడు. ట్యాంకుకు రెండు పక్కలా ఆయన మోకాళ్లు రాసుకోని రాసుకోని రంగు పోయి ఇనుము కనపడతాది, చిన్నప్పుడు నేను ఆ ట్యాంకు మీదనే ముందర కూచోని పోయేవాణ్ణి. 2021 మే నెలలో నాయన పోయినాడు. అప్పటి నుంచి బండి వరండాలో టార్పాలిన్ కింద ఉండాది, ఎవురూ కిక్ కొట్టలేదు.

ఇప్పుడు దాన్ని మళ్లీ రోడ్డు మీదికి తేవాలని నా కోరిక. ఇన్‌స్టాలో చూసి కేఫ్ రేసర్ మాదిరి చేయిస్తే బాగుంటాది అనుకున్నా, వెనక ఫ్రేము కోసి సింగిల్ సీటు, పొట్టి హ్యాండిల్, అట్ల. బెంగళూరులో ఒక షాపు, మన జిల్లాలోనే ఒక షాపు చూసినా. మన జిల్లా ఆయన ఫోన్లోనే బండి చూడకుండా మొత్తం 75 వేలు, సగం ముందే వెయ్యాల, రెండు నెలల్లో ఇస్తా అన్నాడు. నాకు ఏడాదికి 40 రోజులే సెలవు, నేను ఆడ నిలబడి చూసుకునేదానికి కాదు. ఇంట్లో అమ్మ, పక్క వీధిలో అక్కాబావా ఉండారు. డబ్బు పోయినా మళ్లీ సంపాదించుకుంటా కానీ బండి పోతే ఇంగ రాదు, అదే నా భయం. కడప అయినా అనంతపురం అయినా కర్నూలు అయినా పర్లేదు, ఎవుర్ని నమ్మాల, ఏం చూసి నమ్మాల, కొంచెం చెప్పండన్నా.

గుత్తిరోడ్డు రైడర్, డల్లాస్:

తమ్ముడూ, ఆ 75 వేలలో ఒక్క రూపాయి కూడా ఇప్పుడే వెయ్యొద్దు. నాది అనంతపురం, నాకు జరిగింది చెప్తా విను. నాది కూడా ఆర్ఎక్సే, 1987ది. ఆ మొదటి ఏండ్ల బండ్లు జపాన్ నుంచి కిట్లు వచ్చి ఇక్కడ బిగించినవి కాబట్టి వాటి కార్బురేటరు, హెడ్డు, క్రాంకు కోసం జనం ఎగబడతారు, ఇది నాకు అప్పట్లో తెలీదు, షెడ్డు వాళ్లకు మాత్రం బాగా తెలుసు. 2019లో నేను ఇక్కడి నుంచే ఒక షాపుకు పని ఇచ్చినా, పేరు వద్దులే. ప్రతి ఆదివారం ఫోటోలు పంపేవాళ్లు, ట్యాంకు అద్దం మాదిరి మెరుస్తాంది, రిమ్ములకు కొత్త క్రోము, మా ఆవిడకు చూపించి మురిసిపోయినా. డిసెంబరులో ఊరికొచ్చి గుత్తి కోట దాకా పోదామని తెల్లారే బయల్దేరితే గార్లదిన్నె దాటినంక ఇంజను నీరసంగా లాగడం మొదలుపెట్టి పామిడి దగ్గర పట్టేసింది. వేరే మేస్త్రీ దగ్గర ఇప్పిస్తే నా మికుని కార్బురేటరు లేదు, దాని జాగాలో డూప్లికేట్ ఉంది. అడిగితే "నువ్వు ఇచ్చినప్పుడే ఇదే ఉండె" అన్నారు. నా దగ్గర ఒక్క ఫోటో లేదు తమ్ముడూ, ఏమని వాదించాల?

అందుకే బండి గడప దాటకముందే ఇంజను నంబరు, చాసిస్ నంబరు, కార్బురేటరు మీద అచ్చు, మాగ్నెట్, హెడ్డు, సైలెన్సరు, మీటరు, అన్నీ దగ్గరగా ఫోటోలు తీయించు. నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించి ఆ అచ్చు దాపెట్టు. నేను రెండోసారి చేయించినప్పుడు కార్బురేటరు లోపలి పక్క ఎవురికీ కనపడని చోట సన్న పంచ్‌తో చుక్క కొట్టించి ఇచ్చినా, ఆ మాట మేస్త్రీకి ముందే చెప్పినా కూడా. దానికి కోపం తెచ్చుకోని మేస్త్రీనే నాకు దొరికిన మంచి మేస్త్రీ.

ఇంకోటి, ఇన్‌స్టాలో రంగు ఫోటో చూసి ఇంజను పని తెలీదు. ఆ షాపులో ఏడాది కింద చేయించుకున్న ఇద్దరు ముగ్గురి నంబర్లు అడుగు, వాళ్ల బండి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్కులకు అందుకుంటాందో వీడియో పంపమను. నంబర్లు ఇచ్చేదానికి నసిగితే ఆడికి ఆ షాపు మర్చిపో.

బళ్లారి చౌరస్తా షెడ్డు, కర్నూలు:

నేను కర్నూలులో ఇరవై రెండేండ్లుగా షెడ్డు నడుపుతున్నా, మా పక్క మాట కూడా కొంచెం వినండి. మోసం చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ బయటి దేశాల నుంచి పని ఇచ్చేవాళ్లు కూడా మమ్మల్ని చానా ఇబ్బంది పెడతారు. నా షెడ్డులో ఇప్పుడు మూడు బండ్లు గోనెపట్టాల కింద ఉన్నాయి, ముగ్గురూ బయటే ఉన్నారు, ఇంజను ఇప్పినంక ఖర్చు ఇంత అవుతాదని చెప్తే ఫోన్ ఎత్తడం మానేసినారు, నా జాగా పోయింది, పిల్లోడు చేసిన కూలీ పోయింది. కాబట్టి నమ్మకం రెండు పక్కలా ఉండాల.

అబ్బీ, బండి ఇప్పకముందే మొత్తం రేటు చెప్పేవాణ్ణి నమ్మొద్దు. నాలుగేండ్లు నిలబడిన టూ స్ట్రోక్ లోపల ఏముందో దేవునికే తెలియాల. ముందు ఇప్పి చూసేదానికి మాత్రం కూలీ ఇచ్చి ఇప్పించు, ఏం పోయిందో కాగితం మీద రాయించుకో, ఆ తర్వాతే రేటు మాట్లాడు. డబ్బు కూడా ఒకేసారి వద్దు, స్పేర్లు తెచ్చేదానికి కొంత, ఇంజను బిగించి స్టార్ట్ చేసినంక కొంత, నూరు కిలోమీటర్లు తిరిగినంక మిగతాది.

ముఖ్యంగా ఇది గుర్తు పెట్టుకో, ఎవురొచ్చి అడిగినా ఆ బండిని కిక్ కొట్టనియ్యొద్దు. పిస్టను బోరుకు, అంటే అది ఆడే సిలిండరు లోపలి గోడకు, పట్టుకోని ఉంటే ఒక్క కిక్కుకే రింగు విరిగి బోరంతా గీసుకుపోతాది. ప్లగ్గు ఇప్పి రెండు మూడు చెంచాల ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యి, ఆ తర్వాత మేస్త్రీ చేత్తోనే మెల్లగా తిప్పి చూస్తాడు. క్రాంకు ఆయిల్ సీళ్లు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసుకు వేసే రబ్బరు రింగులు, కచ్చితంగా మార్పించు, ఎండిపోయి ఉంటాయి. పాత సీళ్లతో నడిపితే ఆడి నుంచి గాలి లాగి పెట్రోలు మిక్చర్ పల్చనై ఇంజను పట్టేస్తాది, పామిడి దగ్గర ఆ అన్నకు జరిగింది కూడా ఇదే అయ్యుండొచ్చు.

బోరు విషయం. ఆర్ఎక్స్ కంపెనీ బోరు 50 ఎంఎం, స్ట్రోకు కూడా 50, అందుకే 98 సీసీ. అరిగిన బోరును లేతు మీద కోసి రీబోర్ చేసిన ప్రతిసారీ పావు ఎంఎం చొప్పున పెద్ద పిస్టను పడతాది. ఓవర్‌సైజ్ పిస్టనైతే తల మీదనే 25 (పావు ఎంఎం) అనో 50 (అర ఎంఎం) అనో కొట్టి ఉంటాది. కార్బన్ గీకి ఆ అంకె ఫోటో తీసి పంపమని అడుగు, నీ బండికి ఇంతకు ముందు ఎన్నిసార్లు బోరు పని అయిందో తెలిసిపోతాది. ఈ బండి తయారీ 96లోనే ఆగిపోయింది, అసలు సిలిండర్ బ్లాకు అయిపోతే మళ్లీ దొరకడం కష్టం, కాబట్టి అవసరం లేకుండా లేతుకు పంపేవాడు నీకు నష్టం చేసినట్లే. మార్చిన ప్రతి పాత సామానూ, విరిగిన రింగుతో సహా, సంచిలో వేసి ఇంటికి ఇవ్వమని ముందే చెప్పు. మంచి షెడ్డు అడక్కుండానే ఇస్తాది.

ప్రొద్దుటూరు అక్క:

తమ్ముడూ, మా ఇంటాయన ఖతార్‌లో ఉంటాడు, మా మామ గారి పాత యెజ్డీ బండి నేనే దగ్గరుండి చేయించినా. అందరూ షెడ్డు ఎట్లుండాలో చెప్తాండారు, నేను చెప్పేది షెడ్డుకు పోయే మనిషి గురించి. మీ బావకు బండ్ల గురించి ఏమీ తెలీకపోయినా పర్లేదు, వారానికి ఒకసారి చెప్పకుండా పోయి పది నిమిషాలు కూచోని వస్తే చాలు. నేను ప్రతి శనివారం కూరగాయలకు పోతా పోతా ఆడ ఆగేదాన్ని. మొదట్లో ఆడమనిషికి ఏం తెలుసులే అన్నట్లు చూసినారు, మూడో వారానికి మేస్త్రీనే పిలిచి స్టూలు వేసి, ఇది ఇందుకు మారుస్తున్నామమ్మా అని చూపించడం మొదలుపెట్టినాడు.

ఆ మేస్త్రీ దగ్గరికి పోకముందు వేరే షెడ్డు చూసినాము. ఆడ పిల్లోడు కార్బురేటర్ జెట్టును, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రమున్న మరను, సైకిల్ పుల్లతో పొడుస్తాండె. ఆ జెట్టు రంధ్రం వెంట్రుకంత ఉంటాది, ఇనుప పుల్లతో పొడిస్తే పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతాది, ఇంగ ఎంత ట్యూనింగ్ చేసినా కుదురుకోదు. మా ఇంటాయన వీడియో కాల్‌లో అది చూసి బండి దింపొద్దు, వెనక్కి తీసుకోనిరా అన్నాడు. రెండో షెడ్డులో నట్లు బోల్టులు ఐస్‌క్రీం డబ్బాల్లో వేసి మూత మీద మార్కర్‌తో ముందర చక్రం, క్లచ్, మాగ్నెట్ అని తెలుగులో రాసి పెట్టినాడు. నాకు ఆడ ధైర్యం వచ్చింది.

పని అయినంక బండిని మళ్లీ మూలన పెట్టేటట్లయితే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయించి పెట్టు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, నీళ్లు పట్టి లోపల తుప్పు లేస్తాది, పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి.

కాగితాల రెడ్డి, కడప:

ఫ్రేము కోసేది మాత్రం వద్దు సోదరా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టినారు. రంగు మార్చుకుంటే ఆర్‌సీలో రాయించుకుంటే సరిపోతాది.

నీకు అంతకన్నా ముందు పని ఉంది. ఆర్‌సీ ఇంకా మీ నాయన పేరు మీదనే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాల, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాల. మూడు నెలల్లో చేయాల్సింది, ఆలస్యానికి ఫైన్ కడితే అవుతాది. నువ్వు ఈడ లేవు కాబట్టి అమ్మ పేరు మీద చేయిస్తే సులువు. 15 ఏండ్లు దాటిన బండికి ఐదేండ్లకోసారి రెన్యువల్ ఉంటాది, దానికి బండిని తీసుకుపోయి చూపించాల, కోసిన ఫ్రేముతో పోతే ఆడనే తిప్పి పంపిస్తారు.

చిన్నచౌకు అబ్బాయి, కువైట్:

అన్నా అక్కా అందరికీ చానా థ్యాంక్స్. డ్యూటీ నుంచి వచ్చి అన్నీ రెండుసార్లు చదివినా. 88 నుంచి లెక్క వేసుకుంటే 2018లో నాయనే రెన్యువల్ చేయించినాడు, అది 2023తో అయిపోయింది, నాకు ఆ ఆలోచనే రాలేదు. అమ్మకు ఫోన్ చేసి ఆర్‌సీ పుస్తకం యాడుందో చూడమంటే బీరువాలో నాయన పాత డైరీల మధ్యలో ఉందంట. బండి అమ్మ పేరు మీదికి మారుస్తాన్నామంటే కొంచేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సరే నాయనా అనింది.

కేఫ్ రేసర్ వద్దులే, కంపెనీది ఎట్లుందో అట్లనే చేయిస్తా. ఒక సందేహం, ఫ్రేముకు పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి వేడి చేసి అంటించేది, చేయించొచ్చా? ట్యాంకు రంగు మాత్రం ముట్టుకోవద్దని అక్క పట్టు పడతాంది, ఆ మోకాళ్ల గుర్తులు పోతాయని. నాకూ అదే అనిపిస్తాంది.

బళ్లారి చౌరస్తా షెడ్డు, కర్నూలు:

చేయించొచ్చు అబ్బీ, కానీ దానికి ముందు ఇసుకతో కొట్టి తుప్పు తీస్తారు, హ్యాండిల్ మెడ దగ్గర చాసిస్ నంబరు మీద గట్టి టేపు వేసి కప్పకపోతే ఆ అంకెలు అరిగిపోతాయి, పైన కోటింగ్ మందం పడితే అసలు కనపడవు, రేపు రెన్యువల్‌కు పోతే చిక్కు. బేరింగ్ కూచునే చోట్లు కూడా కప్పించాల. ట్యాంకు బయట ఏమీ చేయించొద్దు, మీ అక్క చెప్పిందే కరెక్ట్. ఇనుము కనపడే చోట తుప్పు లేవకుండా సన్నగా క్లియర్ లక్కర్ కొట్టిస్తే ఆ గుర్తులు అట్లనే నిలబడతాయి, లోపల మాత్రం తుప్పు కడిగించు. కడపలోనే షెడ్డు చూసుకో, మీ బావ నడిచిపోయేంత దూరంలో ఉండాల. బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్లు కావాలంటే నేను ఎట్లా నెలకోసారి పోతా, లిస్టు పంపు, బిల్లుతో తెచ్చి ఇస్తా.

చిన్నచౌకు అబ్బాయి, కువైట్:

సరేనన్నా. రేపు శుక్రవారం నాకు సెలవు, బావ పొద్దున్నే టార్పాలిన్ తీసి వీడియో కాల్ చేస్తానన్నాడు. ప్లగ్గు స్పానరు నాయన డబ్బాలోనే ఉంటాది, సీటు కింద. ఆయిల్ పోసి, నంబర్ల మీద పెన్సిల్ రుద్ది, ఆ ఫోటోలు సాయంత్రం ఈడనే పెడతా, నంబరు అంకెలు కొన్ని కప్పి. ఎవురూ కిక్ కొట్టొద్దని మా అల్లుడికి ఇప్పుడే గట్టిగా చెప్పినా, వానికి పదకొండేండ్లు, ట్యాంకు మీద కూచుంటా అంటాండాడు, కూచోమన్నా.