వాయించకపోయినా గిటార్‌లో 9 వోల్ట్ బ్యాటరీ అయిపోతా ఉంది

కావలి నుంచి:
అన్నలందరికీ నమస్తే. మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనకి సెమీ అకౌస్టిక్ గిటార్ వాయిస్తాను. పక్కన ఈక్వలైజర్, ట్యూనర్ ఉండే మామూలు ప్రీయాంప్ (గిటార్ సౌండ్‌ని పెంచే సర్క్యూట్). ఆదివారం కొత్త బ్యాటరీ వేస్తే వచ్చే ఆదివారానికి సౌండ్ బరబరమంటా ఉంది, రెండో పాటకల్లా పూర్తిగా పోతా ఉంది. వారమంతా గిటార్ బ్యాగులోనే ఉంటాది. వాల్యూమ్ సున్నాలో పెట్టే మూస్తాను. రిపేరు షాపులో చూపిస్తే ప్రీయాంప్ మొత్తం మార్చాల్సిందే అన్నారు. నిజంగా మార్చాలా?

సింగరాయకొండ నుంచి:
బ్యాటరీ నకిలీదేమో చూసుకో తమ్ముడూ. మార్కెట్లో అదే ఎక్కువ.

నెల్లూరు నుంచి (సౌండ్ పని చేస్తాను):
ప్రీయాంప్ జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు వాల్యూమ్ సంగతి. దాన్ని సున్నాలో పెట్టినా బ్యాటరీ ఆగదు. ఆ నాబ్ బయటికి పోయే సౌండ్‌ని తగ్గిస్తాదే గానీ ప్రీయాంప్‌కి కరెంటు ఆపదు. ఈ గిటార్లలో చాలా వాటికి విడిగా ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. కేబుల్ పెట్టే జాకే స్విచ్.

అదెట్టాగంటే, గిటార్‌లో ఉండేది స్టీరియో జాక్. దానికి టిప్, రింగ్, స్లీవ్ అని మూడు కాళ్ళు. టిప్ ప్లగ్ మొనకి, రింగ్ మధ్యకి, స్లీవ్ మొదలుకి తగులుతాది. బ్యాటరీ నెగటివ్ వైరు, అంటే నల్లది, రింగ్‌కి టంకం వేసి ఉంటాది. మనం పెట్టేది మోనో ప్లగ్. దాని స్లీవ్ పొడుగ్గా ఉంటాది కాబట్టి లోపలికి పోగానే రింగ్‌నీ స్లీవ్‌నీ కలిపేస్తాది, సర్క్యూట్ పూర్తవుతాది. ప్లగ్ తీస్తే తెగిపోతాది. యాంప్ ఆఫ్ చేసినా, మిక్సర్ ఆఫ్ చేసినా, గిటార్‌కి కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ తింటానే ఉంటాది. కేబుల్‌ని యాంప్ వైపు పీకి గిటార్ వైపు వదిలేసేవాళ్ళని చాలామందిని చూశాను. అది పీకినా ఒకటే, పీకకపోయినా ఒకటే.

ఇప్పుడు నీ లెక్క. ఆల్కలైన్ 9 వోల్ట్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయి. నీ ప్రీయాంప్ 3 మిల్లీయాంపులు లాగుతుంది అనుకో, 160 గంటల పైన వస్తాది. ఆదివారం మూడు గంటలే వాడితే ఏడాది దాకా రావాలి. మరి వారానికి గంటలెన్ని? 168. నీ బ్యాటరీ సరిగ్గా వారానికే పోతా ఉంది. అంటే బ్యాగులో పడుకున్నప్పుడు కూడా అది ఆన్‌లోనే ఉన్నట్టుంది. బ్యాగులో పెట్టేటప్పుడు కేబుల్ తీస్తావా? ఈ గోల ఎప్పటి నుంచి?

కావలి నుంచి:
తీసే పెడతానన్నా, బ్యాగులో కేబుల్ పట్టదు కూడా. ఎండాకాలం ముందర జాక్ లూజయితే మార్పించాను. దాని తర్వాతే అనుకుంటా.

నెల్లూరు నుంచి:
అట్టయితే నా అనుమానం జాక్ మీదే. మల్టీమీటర్ ఉంటే కొలువు, లేకపోతే కరెంటు పనివాళ్ళని ఎవరినన్నా అడిగి తెచ్చుకో.

బ్యాటరీ క్లిప్‌ని ఊడదీసి, పక్కకి తిప్పి నెగటివ్ బొడిపె ఒక్కటే తగిలేట్టు పెట్టు. పాజిటివ్ ఖాళీగా ఉండాలి. చిన్నగా, గుండ్రంగా ఉండేది పాజిటివ్, వెడల్పుగా పూరేకుల్లా ఉండేది నెగటివ్. మీటర్‌ని డీసీ మిల్లీయాంపుల్లో పెట్టు. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్‌కి, నల్ల ప్రోబ్ క్లిప్‌లో ఖాళీగా ఉన్న కాంటాక్టుకి. కేబుల్ లేకుండా సున్నా చూపాలి, కేబుల్ పెడితే కొన్ని మిల్లీయాంపులు చూపాలి. ట్యూనర్ ఆఫ్‌లో ఉందో లేదో ముందే చూసుకో. కొన్ని ట్యూనర్లు కేబుల్ లేకపోయినా పనిచేస్తాయి, మర్చిపోతే అవే తాగేస్తాయి.

ఒక్క జాగ్రత్త. మీటర్ మిల్లీయాంపుల్లో ఉండగా రెండు ప్రోబ్‌లూ బ్యాటరీ రెండు బొడిపెలకీ నేరుగా పెట్టొద్దు, ఫ్యూజ్ ఎగిరిపోతాది. క్లిప్ కాకుండా డబ్బాలో తోసే రకమైతే ఒక వైపు కాంటాక్టుకీ బ్యాటరీకీ మధ్య సన్నటి ప్లాస్టిక్ ముక్క దోపి, దానికి అటొకటి ఇటొకటి ప్రోబ్ ఆనించు. కాస్త తంటా, రెండో మనిషి ఉంటే మేలు.

ఒంగోలు నుంచి:
మధ్యలో దూరుతున్నాను. మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ 48 వోల్టులు ఉంది కదా, అది ఆన్ చేస్తే గిటార్‌కి బ్యాటరీ అక్కర్లేదంట, మా కీబోర్డు అతను చెప్పాడు.

నెల్లూరు నుంచి:
కాదు బ్రదర్. ఫాంటమ్ అంటే మిక్సర్ మైకు కేబుల్‌లోనే (ఎక్స్‌ఎల్‌ఆర్) పంపే కరెంటు. అది డీఐ బాక్సు (గిటార్ సౌండ్‌ని మిక్సర్‌కి సరిపడేట్టు మార్చే డబ్బా) దాకానే వస్తాది. దాంతో యాక్టివ్ డీఐ, అంటే కరెంటు కావాల్సిన రకం, నడుస్తాది గానీ అక్కడి నుంచి గిటార్‌లోకి పోదు. గిటార్‌లో అసలు బ్యాటరీయే వద్దనుకుంటే ప్రీయాంప్ లేని ఉత్త పీజో పికప్ (తీగల అదురుని సిగ్నల్‌గా మార్చేది) వేసుకుని, బయట ఎక్కువ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న యాక్టివ్ డీఐకి ఇవ్వొచ్చు. అది వేరే ఖర్చు.

కావలి నుంచి:
అన్నా, మా బావ మీటర్ తెచ్చాడు. కేబుల్ లేకుండా 2.9 చూపిస్తా ఉంది. కేబుల్ పెట్టినా 2.9 యే! ట్యూనర్ ఆఫ్‌లోనే ఉంది.

నెల్లూరు నుంచి:
ఇంకేంది, దొరికింది. మూడిట్లో ఒకటి. జాక్ లోపల రింగ్ రేకు వంగి స్లీవ్‌కి తగులుతూ ఉండాలి, లేదా టంకం ఒలికి రెండూ కలిసుండాలి. ఇవి కాకపోతే జాక్ మార్చినప్పుడు స్టీరియో బదులు మోనో వేసుంటారు. మోనోకి రింగ్ కాలే ఉండదు, నల్ల వైరుకి చోటు దొరక్క గ్రౌండ్‌కే అతికించేస్తారు. సౌండ్ వస్తాది, అంతా బాగుందనిపిస్తాది, బ్యాటరీ మాత్రం పగలూ రాత్రీ ఆన్. జాక్ బయటికి తీసి ఫోటో పెట్టు. వైర్లు లాగొద్దు, పీజో వైరు సన్నగా ఉంటాది, తెగితే అసలు పని అదే అవుతాది.

కావలి నుంచి:
ఫోటో పెట్టాను చూడన్నా. రెండే కాళ్ళున్నాయి. నల్లవి రెండు వైర్లు ఒకే కాలికి ఉన్నాయి.

నెల్లూరు నుంచి:
మోనోనే. స్టీరియో జాక్ అదే సైజుది తెచ్చుకుని టిప్‌కి సిగ్నల్, స్లీవ్‌కి గ్రౌండ్, రింగ్‌కి బ్యాటరీ నల్ల వైరు వేయించు. టంకం పని వచ్చిన టీవీ మెకానిక్ ఎవరైనా చేసేస్తారు. ప్రీయాంప్ ధరతో పోలిస్తే జాక్ ఖర్చు లెక్కలోకి రాదు. వేశాక మళ్ళీ కొలువు, సున్నా రావాలి. ఆ తర్వాత స్టీరియో కేబుల్ మాత్రం పెట్టొద్దు. దాని ప్లగ్‌లో రింగ్ విడిగా ఉంటాది కాబట్టి సర్క్యూట్ కలవక అసలు సౌండే రాకపోవచ్చు, మళ్ళీ కంగారు పడతావు.

నెల్లూరు నుంచి మరొకరు (క్వయర్‌లో వాయిస్తాను):
మా దగ్గర జాక్ బాగానే ఉంది గానీ కేబుల్ పీకితే స్పీకర్లో డబ్‌మని కొడుతుందని ఎవరూ పీకరు. దానికేమైనా ఉందా అన్నా?

నెల్లూరు నుంచి:
చాలా చర్చిల్లో బ్యాటరీలు పోయేది ఇందుకే అక్కా. మిక్సర్‌లో ఆ ఛానల్ మ్యూట్ చేసి పీకమనండి. మిక్సర్ మీద మనిషి లేకపోతే పెడల్ ట్యూనర్ పెట్టుకోండి, తొక్కితే మ్యూట్ అయ్యే రకం. ప్లగ్‌లోనే మ్యూట్ ఉండే సైలెంట్ ప్లగ్ కేబుళ్ళూ దొరుకుతాయి.

ఒంగోలు నుంచి:
యూఎస్‌బీతో ఛార్జ్ చేసే లిథియం 9 వోల్ట్ వేయొచ్చా?

నెల్లూరు నుంచి:
పని చేస్తాది. కానీ వాటి లోపల వోల్టేజ్ మార్చే చిన్న సర్క్యూట్ ఉంటాది, కొన్ని గిటార్లలో సన్నగా కీచుమంటాది. పైగా ఆల్కలైన్ లాగా ముందే బరబరమని హెచ్చరించదు, పాట మధ్యలో టక్కున ఆగిపోతాది. నేనైతే స్టేజీకి ఆల్కలైనే వేస్తాను. కొనేటప్పుడు మీద 6ఎల్ఆర్61 అని ఉందో లేదో చూడండి. 6ఎఫ్22 అని ఉంటే జింక్ రకం. దాని మీద హెవీ డ్యూటీ అని పెద్దగా రాసుంటాది గానీ ఆల్కలైన్ కన్నా తొందరగా పోతాది, కారేదీ ఎక్కువే. కొన్ని యమహా గిటార్లలో 9 వోల్ట్ కాదు, రెండు పెన్సిల్ సెల్స్. వాటికీ ఆల్కలైనే.

నెల రోజులు వాయించకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, మన ఎండలకి కారిందంటే కాంటాక్టులు తినేస్తాది. స్పేర్ బ్యాటరీకి ప్లాస్టిక్ మూత ఉంచండి. బ్యాగులో తెగిన తీగ ముక్క రెండు బొడిపెల మధ్య పడితే వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

కావలి నుంచి:
జాక్ మార్పించానన్నా. కేబుల్ లేకుండా 0.00, పెడితే 2.9. మరి పాత బ్యాటరీ 7.1 వోల్టులు చూపిస్తా ఉంది, పారేయాలా?

నెల్లూరు నుంచి:
గిటార్‌కి వద్దు, గట్టిగా స్ట్రమ్ చేస్తే పగిలినట్టు వస్తాది. తక్కువ కరెంటు లాగే వేరే 9 వోల్ట్ వస్తువేదన్నా ఉంటే దానికి వాడెయ్. కొత్తదాన్ని కొలిచేటప్పుడు కేబుల్ పెట్టి, అంటే లోడు మీద కొలువు. ఖాళీగా కొలిస్తే నీరసించిందీ బాగానే చూపిస్తాది.