చిన్న భాషల్లోకి బైబిల్: భాష నిలుస్తుందా, జాతి చీలుతుందా?

కొండగాలి:
అరకు, పాడేరు వైపు కువి, చింతూరు వైపు కోయ అనే గిరిజన భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్లకు చర్చిలో తెలుగు బైబిల్ వినబడటం మామూలే. వాళ్ల భాషలోకే బైబిల్ తెస్తే మేలా, కీడా? మేలనే నా మాట. మిజోరం చూడండి. 1894లో లోరైన్, సావిడ్జ్ అనే ఇంగ్లీషు మిషనరీలు లుషాయ్ కొండలకు (ఇప్పటి మిజోరం) వెళ్లి రోమన్ అక్షరాలతో మిజో భాషకు రాత కూర్చారు. 1898లో లూకా, యోహాను సువార్తలు అచ్చయ్యాయి. పూర్తి బైబిల్ 1959లో వచ్చింది. 2011 జనగణనలో మిజోరం అక్షరాస్యత 91.33 శాతం. రాష్ట్రాల్లో కేరళ తర్వాత స్థానం దానిదే. చదవడానికి సొంత భాషలో ఒక పుస్తకం ఇంటింటికీ చేరడం ఇందులో చిన్న విషయం కాదు.

అచ్చుపెట్టె:
కొండగాలి గారూ, లెక్క కాదనను. కానీ ఎవరి యాసలో, ఎవరి లిపిలో అన్నది మీరు వదిలేశారు. మేఘాలయలోని ఖాసీ భాష సంగతి చూడండి. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషనరీలు 1831లో బెంగాలీ లిపిలో కొత్త నిబంధన వేశారు, అది జనంలో నిలవలేదు. 1841లో వచ్చిన వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ సొహ్రా (చిరపుంజి) యాసను పట్టుకుని, తన వెల్ష్ భాష పద్ధతిలో రోమన్ అక్షరాలు కూర్చాడు. ఖాసీ అక్షరమాలలో ఈనాటికీ బి తర్వాత సి లేదు, కె వస్తుంది. బడి పుస్తకాలకూ సొహ్రా యాసే ప్రమాణమైంది, మిగతా ఊళ్ల మాట "యాస"గా మిగిలింది.

ఇంకోటి. ఖాసీలో నామవాచకం ముందు "ఉ" పెడితే పుంలింగం, "క" పెడితే స్త్రీలింగం. తల్లి పేరుతో వంశం సాగే ఆ సమాజంలో దేవుణ్ణి "ఉ బ్లెయ్" అనీ "క బ్లెయ్" అనీ రెండు రకాలుగానూ పిలిచేవారు. బైబిల్లో "ఉ బ్లెయ్" ఒక్కటే స్థిరపడింది. ఒక్క అక్షరమే, కానీ అది తీసేసింది చాలా ఉంది. 1899లో పదహారుమంది యువకులు పాత ధర్మం కాపాడుకోవాలని సెంగ్ ఖాసీ అనే సంఘం పెట్టుకోవడం ఊరికే జరగలేదు.

నుడిగుడి:
మీరిద్దరూ ఫలితం గురించి మాట్లాడుతున్నారు. ఫలితం తేలేది పని జరిగే బల్ల దగ్గర.

కొత్త నిబంధన అంటే 27 పుస్తకాలు, 260 అధ్యాయాలు. మొదటి ప్రతి రాసేది ఆ భాషే పుట్టుభాషగా ఉన్నవాళ్లయి ఉండాలి. దాన్ని జట్టు గట్టిగా చదువుకుని దిద్దుతుంది. తర్వాత ఊళ్లో పరీక్ష: అంతకుముందు ఆ ముక్క విననివాళ్లకు చదివి వినిపించాలి. "అర్థమైందా?" అని అడిగితే మర్యాదకు అందరూ అవుననే అంటారు, ఆ పరీక్ష దండగ. "ఎవరు ఎవరితో అన్నారు? ఎందుకు కోపం వచ్చింది?" అని అడగాలి. వాళ్లు కథను తిరిగి తమ మాటల్లో చెప్పినప్పుడే తప్పు బయటపడుతుంది. ఆ పైన, ఇంకొకరు మూలం చూడకుండా ఆ ప్రతిని తెలుగులోకో ఒడియాలోకో తిప్పి రాస్తారు. గ్రీకు, హీబ్రూ తెలిసిన సలహాదారు దాన్ని బట్టి వాక్యం వాక్యం ప్రశ్నిస్తాడు.

ఎక్కడ జారుతుందో ఒక్కటి చూపిస్తాను. గ్రీకులో "మేము", "మనం" రెంటికీ ఒకటే మాట. తుఫానులో పడవ మునిగిపోతుంటే శిష్యులు యేసును లేపి "చచ్చిపోతున్నాం" అంటారు. కోయలో, కువిలో తెలుగులో లాగే తేడా చూపి తీరాలి. "మేము" అంటే గురువుకు ప్రమాదం లేదని నమ్మినట్టు, "మనం" అంటే ఆయనా మునుగుతాడని భయపడినట్టు. ఏది రాసినా అనువాదకుడు వ్యాఖ్యానం చేసినట్టే. ఊళ్లో అడగకుండా తెలుగు బైబిల్ చూసి రాసేస్తే అది మాటల మార్పిడే, అనువాదం కాదు.

తెలుగు ప్రతి ముందు పెట్టుకుని పనిచేసినచోట ఇంకో రోగం కూడా వస్తుంది. "రక్షణ", "పరిశుద్ధ", "మహిమ" అలాగే దిగిపోతాయి. వాక్యం కోయ, ముఖ్యమైన మాటలన్నీ తెలుగు. ముసలమ్మకు అందులో ఏం అందుతుంది?

సీలేరు:
లిపి సంగతి కూడా తేలాలి. కోయవాళ్లు ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో ఉన్నారు. బడిలో నేర్చే లిపి చోటుకొకటి: తెలుగు, ఒడియా, దేవనాగరి. ఒక్క లిపిలో వేస్తే మిగతావాళ్లకు అది అచ్చు కాగితమే. గోండీకైతే సొంత లిపులే రెండున్నాయి: 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసరామ్ చేసినది, ఆదిలాబాద్ వైపు గుంజాల రాతప్రతుల్లో దొరికినది. పాఠం ఒక్కటే ఉంచి లిపులు మార్చి వేయొచ్చు, ఆడియో ముందు ఇవ్వొచ్చు. కానీ యాస తేడాను కంప్యూటర్ తీర్చదు.

కొండగాలి:
అచ్చుపెట్టె గారూ, "ఉ బ్లెయ్" సంగతి ఒప్పుకుంటున్నాను. మీరు కూడా ఒకటి చూడాలి. 1663లో అమెరికాలో అక్కడి ఆదివాసుల వాంపనోగ్ భాషలో జాన్ ఎలియట్ అనే మిషనరీ చేసిన బైబిల్ అచ్చయింది. అక్షరాలు పేర్చినవాళ్లలో నిప్మక్ తెగకు చెందిన వావాస్ ఉన్నాడు. ఆ భాష తర్వాత మాట్లాడేవాళ్లే లేకుండా పోయింది. 1993లో జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ అనే వాంపనోగ్ మహిళ దాన్ని తిరిగి లేపే పని మొదలుపెట్టినప్పుడు ఆ బైబిల్ ఒక ప్రధాన ఆధారమైంది.

అచ్చుపెట్టె:
ఆ ఒక్కటే కాదు గదా. వాంపనోగ్‌లు సొంతంగా రాసుకున్న భూమి పత్రాలూ, ఉత్తరాలూ ఆధారమే. రాత నేర్చినవాళ్లు తమ గొడవలు తాము రాసుకున్నారు గనకే అవి మిగిలాయి. కువి, కోయల్లో కూడా అదే పని ముందు జరగాలని నా పట్టు: నిఘంటువు, కథలు, విత్తనాల పేర్లు, పండుగ పాటలు. పదాలు పరీక్షించే కమిటీలో చర్చికి వెళ్లనివాళ్లనూ కూర్చోబెట్టాలి. దేవుడికి ఏ మాట వాడాలన్నది బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు మాత్రమే తేల్చితే, ఆ మాట ఊళ్లో మిగతావాళ్ల నోటి నుంచి పోతుంది.

నుడిగుడి:
ఆ కమిటీ సంగతి నాకూ సమ్మతమే. అయితే వాళ్లను అచ్చుకు ముందు సంతకాలకు పిలిస్తే లాభం లేదు. మొదటి ఏడాదే, ముఖ్యపదాల పట్టిక రాసేరోజునే పిలవాలి.