క్రిస్మస్ ఫ్లెక్సీ మీద ‘అవతారం’ అని వేయొచ్చా?

గుంటూరు_యూత్: అందరికీ వందనాలు. యూత్ తరఫున ఫ్లెక్సీ మీద ‘దైవావతారం’ అని వేయించాం, సంఘ పెద్దలు ఆ మాట మీద తెల్లకాగితం అంటించేశారు. తప్పేంటి?

బెజవాడ_బ్రదర్: తప్పే తమ్ముడూ. యోహాను 1:14లో ‘ఆ వాక్యము శరీరధారియై’ అని ఉంది, ఆ వాక్యము అంటే యేసే. అవతారం పనైపోగానే ముగిసిపోద్ది, యేసు అలా కాదు, చనిపోయి లేచాక కూడా శరీరంతోనే ఉండి కాల్చిన చేప తిన్నాడు, లూకా 24 చదువు. మా క్యాంటీన్‌లో ఒకాయన ప్రతి డిసెంబరూ ‘మీ యేసు మా పదకొండో అవతారమేలే’ అంటాడు, నేను ప్లేటు తీసుకుని వేరే బల్లకి పోతా. ఇప్పుడు మనమే ఆ మాట వేసుకుంటే ఆయనకి ఏం చెప్పను?

ఏలూరు_అక్క: మా అమ్మమ్మకి చదువు రాదు, శరీరధారి అంటే తెలీదు, దేవుడు అవతారమెత్తాడు అంటే మాత్రం ఇట్టే అర్థమైంది. 1920ల్లోనే మద్రాసులో వెంగళ్ చక్కరాయి గారనే క్రైస్తవ రచయిత యేసుని అవతారం అని రాశారు, ఆ అవతారం ముగిసిపోయేది కాదని కూడా రాశారు.

బెజవాడ_బ్రదర్: చక్కరాయి గారి మాట బైబిలు వాక్యం కాదక్కా. తల దువ్వుకోకపోతే ‘ఏంట్రా ఆ అవతారం’ అంటాం, జనం నోట్లో అవతారం అంటే వేషమే.

నల్గొండ_78: మరి ఫిలిప్పీ 2:7లో ‘మనుష్యుల పోలికగా పుట్టి’ అని ఉందిగా, పోలిక అంటే వేషం కాదా?

బెజవాడ_బ్రదర్: పిల్లాడికి నాన్న పోలికలొచ్చాయి అంటే వేషం వేశాడనా? 451లో చాల్సెడన్ కౌన్సిల్, అంటే అప్పటి బిషప్పుల మహాసభ, తేల్చింది కూడా అదే, పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. ఒక్క మాట జారితే మొత్తం పోద్ది.

ఏలూరు_అక్క: పొద్దున్నుంచీ మాట మాట అంటున్నావు. మా ఆయన పెట్టె గుంటలోకి దించుతుంటే పాస్టరు గారు అందరి ముందూ ‘నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకమ్మా’ అన్నారు, చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ లేనట్టు. కొంగు నోట్లో కుక్కుకున్నా. మూడేళ్లయింది, ఇప్పటికీ గుడిలో ఏడుపొస్తే బయటికెళ్లిపోతా. చనిపోయిన స్నేహితుడు లాజరుని కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడే, ఆయన పూర్తిగా మనిషైతే నన్నెందుకు ఏడవనివ్వలేదు?

నల్గొండ_78: అక్కా 🙏

బెజవాడ_బ్రదర్: ఆయన అన్నది తప్పక్కా. మా నాన్న పోయినప్పుడు నేనూ పిల్లల ముందు ఏడవలేదు, విశ్వాసం అనుకున్నా. కానీ నేను పోట్లాడేదీ అందుకే, అవి వేషం వేసినోడి కన్నీళ్లు కాదు, ఒంట్లోంచి వచ్చినవి. అవతారం అనే మాట మాత్రం ఒప్పుకోను.

ఏలూరు_అక్క: ఒప్పుకోకు. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఎవరైనా ఏడిస్తే ఆపకు, చాలు.

గుంటూరు_యూత్: అక్క రాసింది చదివి, ఆ కాగితం మీద ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అని రాద్దామని అడిగాం. పండగపూట ఏడుపు వచనమేంటని పెద్దాయన కసిరాడు.