సరౌండ్ సంగీతానికి ఏ డిస్కు కొనాలి: ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో, బ్లూ-రే?

సప్తస్వరి (హైదరాబాద్):

ఆరు నెలల కిందట ఇంట్లో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, మంచి రిసీవర్ అమర్చుకున్నాను. ఇంతకాలం సినిమాలే చూశాం. ఈ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో సింఫొనీ ఒకటి సరౌండ్‌లో, అంటే చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటిలో, విన్నాను. అప్పటినుంచి రెండు స్పీకర్లలో ఏది విన్నా హాలు బయట నిలబడి కిటికీలోంచి వింటున్నట్టే ఉంది. ఇక డిస్కులు కొనడం మొదలుపెట్టాలి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, 1970ల నాటి రాక్ నాకు ఇష్టం. విదేశాల నుంచే తెప్పించుకోవాలి. తపాలా, సుంకం కలిసి చేతికి వచ్చేసరికి ఒక్కో డిస్కు ధర బాగా పెరుగుతుంది. అందుకే ముందుగా అడుగుతున్నాను. ఒకే ఆల్బమ్ ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ)గానూ బ్లూ-రేగానూ దొరికితే దేన్ని తీసుకోవాలి? శబ్దంలో నిజంగా తేడా ఉందా?

తంత్రీనాదం (విజయవాడ):

సందేహం అక్కర్లేదండీ, ఎస్‌ఏసీడీ. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో దీన్ని తెచ్చాయి. మామూలు సీడీ సెకనుకు 44,100 సార్లు 16 బిట్ల కొలత తీసుకుంటుంది. ఎస్‌ఏసీడీ పద్ధతి వేరు. ఒకే ఒక్క బిట్టు, సెకనుకు 28,22,400 సార్లు. దీన్నే డీఎస్‌డీ అంటారు. వయొలిన్ తీగ మీద కమాను ఒరుసుకునే చప్పుడు, తంబుర ఝంకారంలాంటిది, నాకు అందులో వినిపించినంత సహజంగా మరెక్కడా వినిపించలేదు.

శబ్దం మాట పక్కన పెట్టినా మీ అభిరుచికి కావలసిన నిధి అక్కడే ఉంది. ఫిలిప్స్ క్లాసిక్స్‌లో పనిచేసినవారు బయటికి వచ్చి 2001లో పెంటాటోన్ అనే సంస్థ పెట్టారు. 1970లలో ఫిలిప్స్ నాలుగు ఛానెళ్లలో, అంటే నాలుగు స్పీకర్లకు విడివిడిగా, రికార్డు చేసిన టేపులు వినేవారు లేక మూలపడి ఉంటే, వాటిని తీసి ఎస్‌ఏసీడీలుగా విడుదల చేశారు. ఆర్‌సీఏ సంస్థ 1950లలో మూడు ట్రాకుల మీద పట్టిన రికార్డింగులు కూడా మూడు ముందు స్పీకర్లలో వినేలా వచ్చాయి. స్వీడన్‌కు చెందిన బిస్ సంస్థ ఏళ్ల తరబడి ఎస్‌ఏసీడీలు తెస్తూనే ఉంది. పైగా వీటిలో చాలా డిస్కులు హైబ్రిడ్‌వి. లోపల సీడీ పొర కూడా ఉంటుంది కాబట్టి కారులోని పాత సీడీ ప్లేయర్‌లోనూ పాడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, డిస్కు పెట్టి మీట నొక్కితే పాట మొదలవుతుంది. టీవీ వెలిగించి మెనూలు వెతకనక్కర్లేదు. సంగీతం వినే గదిలో తెర వెలగడం నాకు ససేమిరా నచ్చదు.

బిట్లలెక్క (బెంగళూరు):

తంత్రీనాదం గారి జాబితాతో నాకు పేచీ లేదు. డీఎస్‌డీ గురించి చెప్పినదానితో ఉంది.

ఒక్క బిట్టుతో కొలిస్తే రొద చాలా ఎక్కువగా వస్తుంది. ఆ రొదను మనకు వినిపించని పై పౌనఃపున్యాలకు, అంటే 20 కిలోహెర్ట్జ్ పైకి నెట్టివేస్తారు. రొద పోలేదు, పక్కకు జరిగింది. ఒక్క బిట్టు పద్ధతిలో సరైన డిథర్ (కొలత తప్పులు వినిపించకుండా కావాలని కలిపే స్వల్ప రొద) వేయడం కుదరదనీ, నాణ్యమైన రికార్డింగుకు అది తగదనీ లిప్షిట్జ్, వాండర్‌కోయ్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లోనే వాదించారు. ఇంకో సంగతి. డీఎస్‌డీని నేరుగా ఎడిటింగ్ చేయడం కష్టం. అందుకే చాలా చోట్ల 24 బిట్లు, 352.8 కిలోహెర్ట్జ్ పీసీఎంలోకి (సీడీలాగా ఒక్కో కొలతకు ఎక్కువ బిట్లు వాడే పద్ధతి) మార్చి పని పూర్తిచేసి, చివర మళ్లీ డీఎస్‌డీ చేస్తారు. ఆ డిస్కుల్లో స్వచ్ఛమైన డీఎస్‌డీ ఎక్కడుంది?

సప్తస్వరి గారూ, మీ ఇంటి సంగతే చూడండి. స్పీకర్ల దూరాలు సరిచేయాలన్నా, మంద్ర స్వరాలను సబ్‌వూఫర్‌కు మళ్లించాలన్నా, గది లోపాలను సవరించాలన్నా రిసీవర్లు సాధారణంగా ముందు డీఎస్‌డీని పీసీఎంగా మార్చుకుంటాయి. మరి ఎందుకు ఇంత చుట్టు తిరగడం? బ్లూ-రే మొదటినుంచీ పీసీఎంలోనే ఉంది. ఒక పొర ఉన్న బ్లూ-రేలో 25 గిగాబైట్లు, రెండు పొరలదైతే 50 పడతాయి. ఎస్‌ఏసీడీలో 4.7 మాత్రమే. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ చొప్పున ఎనిమిది ఛానెళ్లు బ్లూ-రేలో పెట్టవచ్చు. ఆరు ఛానెళ్లు చాలనుకుంటే 192 దాకా వెళ్లవచ్చు. పైకప్పు వైపు నుంచి శబ్దం వచ్చే డాల్బీ అట్మాస్ మిక్స్ కావాలంటే ఎస్‌ఏసీడీ ఇవ్వలేదు. నార్వేకు చెందిన 2ఎల్ సంస్థ ఒకే ప్యాకెట్‌లో బ్లూ-రే, ఎస్‌ఏసీడీ రెండూ పెట్టి అమ్మిన ఆల్బమ్‌లు ఉన్నాయి. దొరికితే అటువంటిది కొని మీరే పోల్చి చూడండి.

పాతగూడు (న్యూజెర్సీ):

డీవీడీ-ఆడియో మాట ఎవరూ ఎత్తలేదు. నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి, వాటి తరఫున మాట్లాడతాను.

ఓడిపోయిన ఫార్మాట్ అని తీసిపారేయకండి. ఆరు ఛానెళ్లను 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఏ నష్టమూ లేకుండా కుదించి డీవీడీలో పట్టించిన పద్ధతి మెరిడియన్ సంస్థది. దాని పేరు ఎంఎల్‌పీ. ఈ రోజు బ్లూ-రేల మీద కనిపించే డాల్బీ ట్రూహెచ్‌డీకి పునాది అదే. అంటే డీవీడీ-ఆడియో గుండె బ్లూ-రేలో ఇంకా కొట్టుకుంటూనే ఉంది. 1999 చివర డీవీడీ సినిమాలను కాపీ చేయకుండా వేసిన తాళం బద్దలవడంతో సంగీత సంస్థలు భయపడి కొత్త తాళం కోసం ఆగాయి. డిస్కులు బజారుకు వచ్చేసరికి ఎస్‌ఏసీడీ ముందు నిలబడింది. రెండు ఫార్మాట్లు కొట్టుకుంటుంటే మామూలు శ్రోత ఏదీ కొనకుండా పక్కకు తప్పుకున్నాడు.

ఆ రోజుల్లో ప్లేయర్ నుంచి రిసీవర్‌కు ఆరు తీగలు లాగవలసి వచ్చేది. హెచ్‌డీఎంఐలో డీవీడీ-ఆడియోకు చోటు 2004లో, ఎస్‌ఏసీడీకి 2005లో దొరికింది. అప్పటికే చాలామంది విసిగిపోయారు. అయినా నా డిస్కుల్లోని కొన్ని సరౌండ్ మిక్స్‌లు ఆ తరువాత మరే డిస్కులోనూ రాలేదు. పాతవి అమ్మేచోట తక్కువకు దొరికితే వదలకండి. చాలా వాటిలో మామూలు డీవీడీ ప్లేయర్‌కు పనికివచ్చే డాల్బీ లేదా డీటీఎస్ ట్రాకు కూడా ఉంటుంది. నష్టం లేని ట్రాకు కావాలంటే మాత్రం డీవీడీ-ఆడియో చదివే ప్లేయరే ఉండాలి.

చెవేసాక్షి (వరంగల్):

ముగ్గురూ అంకెలు చెబుతున్నారు. ఆ అంకెలు చెవికి అందుతాయా అన్నదే అసలు ప్రశ్న.

మేయర్, మోరాన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి తగ్గించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. సగం కూడా కాదు. తరువాత 2016లో జాషువా రైస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. సరిగ్గా గుర్తించినవి 52.3 శాతం. ముందుగా శిక్షణ పొందిన శ్రోతల విషయంలో అది 60 శాతం దరిదాపులకు చేరింది. తేడా లేదని నేను అనను. ఉంటే అది అతి స్వల్పం. డీఎస్‌డీకీ, 24 బిట్ల పీసీఎంకూ మధ్య తేడా అంతకన్నా ఎక్కువ ఉంటుందని ఎలా నమ్మాలి?

రెండు ఛానెళ్ల నుంచి అయిదుకు మారితే వచ్చే తేడాను మాత్రం చిన్న పిల్లలు కూడా కళ్లు మూసుకుని చెప్పేస్తారు. సొమ్ము అక్కడ పెట్టండి.

తంత్రీనాదం:

చెవేసాక్షి గారూ, 2007 పరీక్షలో వాడిన డిస్కుల్లో కొన్నిటి మూల రికార్డింగులే ఎక్కువ రిజల్యూషన్‌వి కావన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. మూలంలో లేనిది డిస్కులో ఎలా వినిపిస్తుంది? శిక్షణ పొందిన చెవికి 60 శాతం అని మీరే చెప్పారు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను, నా చెవికి కొంత శిక్షణ ఉందనే అనుకుంటున్నాను.

బిట్లలెక్క గారు చెప్పిన మార్పిడి మా ఇంట్లో జరగదు. నా ప్లేయర్‌లోనే ఆరు అనలాగ్ అవుట్‌పుట్‌లు ఉన్నాయి. స్పీకర్లన్నీ పెద్దవి, ఒకే కొలతవి, నా కుర్చీకి సమాన దూరంలో ఉన్నాయి. సవరించవలసినది ఏమీ లేదు కాబట్టి పీసీఎంతో పనిలేదు.

మృదంగశ్రోత (చెన్నై):

ఒక్క మాట చెప్పి వెళతాను. నేను కర్ణాటక సంగీతం వినేవాణ్ని. కచేరీలో గాయకుడు ఎదురుగా ఉంటాడు, పక్కవాద్యాలు ఆయన పక్కన ఉంటాయి. సరౌండ్ పేరుతో వాద్యాలను నా వీపు వెనక పెడితే ఏకాగ్రత చెదురుతుంది. ఏ డిస్కయినా నాకు ఈ అభ్యంతరం తప్పదు.

చెవేసాక్షి:

మృదంగశ్రోత గారూ, సరౌండ్ అంతా ఒకటి కాదండీ. శాస్త్రీయ సంగీతం రికార్డు చేసే సంస్థల్లో ఎక్కువమంది వెనక స్పీకర్లలో వాద్యాలు పెట్టరు. హాలు గోడల నుంచి తిరిగివచ్చే ధ్వనిని మాత్రమే పెడతారు. వెనక స్పీకర్లు మోగుతున్నట్టే తెలియదు. ఆపేస్తే మాత్రం హాలు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. వాద్యాలను చుట్టూ తిప్పడం రాక్ మిక్స్‌ల పద్ధతి. త్యాగరాజ ఆరాధన పందిట్లో కూర్చున్నప్పుడు మీ వెనక ఉన్న జనం, గాలి, పందిరి కూడా మీరు విన్నదానిలో భాగమే కదా. నేను సమర్థించే సరౌండ్ అదీ.

సప్తస్వరి:

అందరికీ కృతజ్ఞతలు. గత ఆదివారం చేసినది చెబుతాను. మిత్రుడి దగ్గర పింక్ ఫ్లాయిడ్ వారి డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ 2003 ఎస్‌ఏసీడీ ఉంది. అదే 5.1 మిక్స్ (అయిదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కు), జేమ్స్ గుత్రీ చేసినది, 2011లో పెద్ద పెట్టెగా వచ్చినప్పుడు బ్లూ-రేలో కూడా ఇచ్చారు. ఆ పెట్టె కూడా ఆయన దగ్గర ఉంది. తన ప్లేయర్ కూడా తెచ్చాడు. రెండు ప్లేయర్లు, రెండు హెచ్‌డీఎంఐ తీగలు, ఒకే రిసీవర్.

మొదటి వినికిడిలో తేడా కొట్టవచ్చినట్టు కనిపించింది. ఎస్‌ఏసీడీలో మంద్ర స్వరాలు పలచగా, పై స్వరాలు స్పష్టంగా ఉన్నాయి. బ్లూ-రేలో నిండుదనం ఎక్కువ. ఇదే నా తీర్పు అని ఇక్కడ రాయబోయి ఆగాను. రిసీవర్ చూస్తే ఎస్‌ఏసీడీకి డైరెక్ట్ పద్ధతిలో ఉంది. అంటే డీఎస్‌డీని మార్చకుండా పంపుతోంది. నా ముందు స్పీకర్లు చిన్నవి. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్‌కు వెళ్లాలి. డైరెక్ట్‌లో ఆ మళ్లింపు జరగడం లేదు. డిస్కులోని ప్రత్యేక మంద్ర ఛానెల్ ఒక్కటే సబ్‌వూఫర్‌కు చేరుతోంది, మిగతాదంతా చిన్న స్పీకర్లలో పడి పోతోంది. వెనక స్పీకర్ల దూరాలు కూడా అమలు కావడం లేదు.

డైరెక్ట్ తీసేసి, మీటర్ పెట్టి రెండింటి శబ్దమట్టాన్ని సమానం చేశాం. తెర నాకు కనిపించకుండా మా అమ్మాయి ప్లేయర్లను మార్చింది. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా ఆ మాత్రం వస్తుంది.

బిట్లలెక్క:

శబ్దమట్టం సమానం చేయడం చాలా మంచి పని. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నదాన్ని మన చెవి పెద్దది అనుకోదు, బాగుంది అనుకుంటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే ఎస్‌ఏసీడీ, బ్లూ-రే తీర్పుల్లో చాలా వాటి వెనక మీరు పట్టుకున్న డైరెక్ట్ మీటే ఉంటుందని నా అనుమానం. అయితే ఒక్క విషయంలో నా మొదటి మాట సవరించుకుంటున్నాను. డీఎస్‌డీ రొద గురించి చెప్పింది సిద్ధాంతపరంగా నిజమే కానీ, మీ పరీక్షలో అది కూడా వినిపించలేదు. దాన్ని కారణంగా చూపి ఎస్‌ఏసీడీ కొనవద్దని ఇక అనను.

ప్లేయర్ విషయం మాత్రం గట్టిగా చెబుతాను. అన్ని డిస్కులూ చదివే ప్లేయర్లకు పేరుపడ్డ ఒప్పో 2018లో ఆ వ్యాపారం ఆపేసింది. ఖరీదైన బ్లూ-రే ప్లేయర్లన్నీ ఎస్‌ఏసీడీ చదువుతాయనుకోకండి. పానసోనిక్ వారి యూబీ9000 చదవదు. అంతకన్నా చాలా తక్కువ ధరకు వచ్చిన సోనీ ఎక్స్800ఎం2 ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో, బ్లూ-రే మూడూ చదువుతుంది. ఎస్‌ఏసీడీని మామూలు కంప్యూటర్ డ్రైవ్ ఏదీ చదవదు. ఆ పొరలోని సంగీతం ఆయుష్షు మీ ప్లేయర్ ఆయుష్షుతో ముడిపడి ఉంది. రెండింటిలోనూ ఒకే మిక్స్ దొరికితే నేను బ్లూ-రే అనడానికి ఇప్పుడు మిగిలిన కారణం ఇదొక్కటే.

పాతగూడు:

నా పాత డీవీడీ-ఆడియో ప్లేయర్ లేజర్ పోయినప్పుడు బాగుచేసేవాడు దొరకడానికి ఏడాది పట్టింది. పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ మీకు కావలసిన మిక్స్ ఒకే ఫార్మాట్‌లో ఉంటే అదే కొనండి, రెండో ఆలోచన వద్దు. 1970ల నాటి నాలుగు ఛానెళ్ల మిక్స్‌లు చాలావాటికి ఎస్‌ఏసీడీ తప్ప వేరే దారి లేదు.

సప్తస్వరి:

మూడూ చదివే ప్లేయర్‌కే వెళుతున్నాను. మొదటి పార్శిల్‌లో పెంటాటోన్ వారి పాత ఫిలిప్స్ టేపుల ఎస్‌ఏసీడీలు రెండు, 2ఎల్ బ్లూ-రే ఒకటి తెప్పిస్తున్నాను. సినిమాల కోసం వెనక గోడకు ఎత్తుగా బిగించిన స్పీకర్లను దింపి, చెవి ఎత్తులో సోఫాకు రెండు పక్కలా, మధ్య స్పీకర్ నుంచి సుమారు 110 డిగ్రీల కోణంలో పెట్టాను. సంగీతానికి అదే సరైన చోటని చదివాను. నిన్న రాత్రి విన్న పాత డిస్కే కొత్తగా వినిపించింది.

తంత్రీనాదం:

కోణం మార్చడం అన్నిటికన్నా మంచి పని. కానీ చిన్న స్పీకర్లతో, పీసీఎంగా మార్చిన డీఎస్‌డీతో చేసిన పరీక్ష నా ప్రశ్నకు జవాబు కాదు. మార్చకుండా పెద్ద స్పీకర్లకు అందిన డీఎస్‌డీని మీరు ఇంకా వినలేదు. సంక్రాంతి సెలవుల్లో విజయవాడ వచ్చే పని ఉంటే మా ఇంటికి రండి. ఆ రెండు డిస్కులూ, మీటరూ తీసుకురండి. మీ అమ్మాయిని కూడా తీసుకురండి, ఈసారి తెర ఇవతల నేను కూర్చుంటాను.