సెక్స్, జెండర్ మధ్య తేడాను పదో తరగతి పిల్లలకు ఏ క్రమంలో చెప్పాలి?

నమస్కారం. నేను కందుకూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. అనువంశికత పాఠంలో 23వ జత క్రోమోజోములు ఎక్స్‌ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ అని చెప్పడం సులువే. పుట్టేది ఎవరన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందన్న మాటనూ పిల్లలు శ్రద్ధగా విన్నారు (ఈ ఒక్క ముక్క వాళ్ల నాయనమ్మలకూ చేరితే బాగుండును). ఇదంతా శరీరానికి సంబంధించిన సెక్స్; చిక్కంతా ఆ తర్వాత జెండర్ గురించి చెప్పేటప్పుడే.

ఆడపని, మగపని అన్నవి సమాజం ఏర్పరచినవని చూపడానికి మా ప్రాంతపు పొగాకు పనినే ఉదాహరణగా తీసుకుని, ఆకు గ్రేడింగుకు ఆడవాళ్లనే ఎందుకు పిలుస్తారని అడిగాను. "బరువు పని మగవాళ్లది కదా సార్" అన్నాడొక అబ్బాయి. "మరి పెళ్లిళ్లలో వంటమాస్టర్లు మగవాళ్లేగా, ఇంట్లో మాత్రం అమ్మే ఎందుకు వండాలి?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. నా పాఠం కన్నా ఆ ప్రశ్నే మేలు.

అయితే ఇక్కడే ఆగితే జెండర్ అంటే పనుల పంపకమేనని అనుకుంటారు. పుట్టినప్పుడు నమోదైన లింగానికీ, తాము ఎవరమన్న భావనకూ పొంతన కుదరనివారి గురించి, ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పాలని ఉంది కానీ, హిజ్రాల ప్రస్తావన రాగానే తరగతిలో నవ్వులు మొదలవుతున్నాయి. పైగా పుట్టుకతోనే శారీరక లింగ లక్షణాలు ఆడ, మగ అన్న మామూలు నిర్వచనాల్లో ఇమడకపోవడం అనే ఇంటర్‌సెక్స్‌ను కూడా అప్పుడే చెబితే, దాన్నీ ట్రాన్స్‌జెండర్‌నూ ఒకటిగా కలిపేస్తారేమోనని సందేహం.

ఈ వయసు పిల్లలకు బోధించినవారు ఏది ముందు చెప్పారో, ఏ కృత్యాలు చేయించారో, తల్లిదండ్రులు అభ్యంతరపెడితే ఏమని నచ్చజెప్పారో దయచేసి తెలియజేయగలరు.