అమ్మ వాయిస్ మెసేజీలు పోకుండా ఫోనులో చోటు ఖాళీ చేయడం ఎలా?

నా ఆండ్రాయిడ్ ఫోను 64 జీబీది, మెమరీ కార్డు వేసే వీలు లేదు. పది రోజులుగా స్టోరేజ్ నిండిందన్న హెచ్చరిక వస్తోంది, కెమెరా ఒక్క ఫోటో కూడా తీయనివ్వడం లేదు. యాప్‌ల క్యాషే తుడిచాను, ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ట్రాష్‌తో సహా తొలగించాను, వాట్సాప్ 'మేనేజ్ స్టోరేజ్'లో 5 ఎంబీ దాటిన ఫార్వర్డ్ వీడియోలు కూడా తీసేశాను. అయినా మిగిలింది 900 ఎంబీ మాత్రమే. వాట్సాప్ మీడియా ఫోల్డరే ఇంకా 21 జీబీ ఉంది.

అందులోని 'వాయిస్ నోట్స్' ఫోల్డరులో, వారానికొకటిగా ఏర్పడిన చిన్న ఫోల్డర్లలో, మా అమ్మగారు 2019 నుంచి పంపిన మాటలున్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు, వాటిలో ఒక్కటి పోయినా మళ్లీ దొరకదు.

మీడియా ఫోల్డరును మొత్తంగా కంప్యూటర్‌లోకి మార్చి, 'వాయిస్ నోట్స్'ను మాత్రం అదే పేరుతో తిరిగి అదే చోట ఉంచితే, పాత చాట్‌లో ఆ మెసేజీలు మునుపటిలాగే వినిపిస్తాయా?